పసికందు పేగులలో తొలి కాపురం

(గుడారిలో తెలుగు కుటుంబాల కొరకు ఏర్పాటు చేసిన ఆరోగ్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యుణ్ణి కాను. పాఠశాలలో జీవశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మన శరీరంలో నివసించే బ్యాక్టీరియా గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను కోరిన సంగతి తెలిసి, మా వీధిలోని ఒక పెద్దాయన, “మాస్టారూ, పురుగుల సంగతికి సభ ఎందుకండీ? ఇంటికొక ఫినాయిల్ సీసా పంచితే సరిపోదా?” అన్నారు. ఆయనను తప్పు పట్టలేను. సూక్ష్మజీవి అంటే శత్రువు అని బడిలో నేర్పినవారిలో నేనూ ఒకణ్ణి. కలరా, టైఫాయిడ్, క్షయ, ధనుర్వాతం అంటూ నల్లబల్ల మీద నేను రాయించిన జాబితా అదే. పాఠంలో మిగిలిన సగం నేను పదవీ విరమణ చేశాకనే చదువుకున్నాను. ఆ సగమే ఈనాటి విషయం.

ముందుగా లెక్క చూద్దాం. మనిషి శరీరంలో బ్యాక్టీరియా మన కణాలకు పదింతలు ఉంటుందని చాలాకాలం పుస్తకాలలో రాశారు. 2016లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ శాస్త్రజ్ఞులు సహచరులతో కలిసి ఆ లెక్కను సరిదిద్దారు. డెబ్బై కిలోల పురుషుడిలో మానవ కణాలు దాదాపు 30 లక్షల కోట్లు. బ్యాక్టీరియా దాదాపు 38 లక్షల కోట్లు. అంటే ఇంచుమించు సరిసమానం. వాటన్నిటినీ కలిపి తూచినా రెండువందల గ్రాములు మించవు. వాటిలో అత్యధిక భాగం పెద్దపేగులోనే ఉంటుంది.

అక్కడ అవి చేసే పని ఏమిటి? మనం తిన్న చోళ్లలోనూ పప్పులలోనూ కూరలలోనూ ఉండే పీచును మన జీర్ణరసాలు అరిగించలేవు. పెద్దపేగులోని బ్యాక్టీరియా దానిని పులియబెట్టి బ్యుటిరేట్ వంటి ఆమ్లాలుగా మారుస్తుంది. పెద్దపేగు లోపలి పొర కణాలకు ముఖ్యాహారం ఆ బ్యుటిరేటే. విటమిన్ కె, ఫోలిక్ ఆమ్లం వంటివి కూడా కొంత అక్కడ తయారవుతాయి. బిడ్డ పుట్టగానే ఆసుపత్రిలో విటమిన్ కె సూది వేయడం మీలో చాలామంది చూసి ఉంటారు. తల్లి కడుపులో ఉండగా ఆ విటమిన్ బిడ్డకు అందేది స్వల్పం, తల్లిపాలలో ఉండేది స్వల్పం, దానిని తయారుచేయగల బ్యాక్టీరియా పసికందు పేగులలో ఇంకా స్థిరపడలేదు. ఆ లోటు వల్ల రక్తస్రావం కలుగకుండా ఆ సూది. కనుక దానిని వద్దనకండి.

వీటన్నిటికంటె ముఖ్యమైన పని మరొకటి ఉన్నది. మంచి బ్యాక్టీరియా పేగు గోడను ఆక్రమించుకొని ఉంటే, చెడ్డదానికి చోటూ దొరకదు, తిండీ దొరకదు. నిండిన రైలు పెట్టెలో కొత్తవాడికి చోటు దొరకనట్టే. పసిబిడ్డ పుట్టినప్పుడు ఆ పెట్టె దాదాపు ఖాళీ. మొదట ఎక్కేవారెవరు అన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాధానం వెతికిన ఒక పెద్ద పరిశోధన ఎక్కడో విదేశాలలో కాదు, మన ఒడిశా పల్లెలలోనే జరిగింది. ఈ సంగతి మనవారిలో చాలామందికి తెలియకపోవడం నాకు ఆశ్చర్యం కలిగిస్తుంది. అందుకే దీనిని కొంచెం నిదానంగా చెబుతాను.

నవజాత శిశువులకు వచ్చే ప్రాణాపాయాలలో సెప్సిస్ ఒకటి. ఏదో ఒక క్రిమి రక్తంలో చేరి, శరీరమంతా వ్యాపించి, అవయవాలను దెబ్బతీస్తుంది. బిడ్డ పాలు తాగడం మానేస్తుంది, ఒళ్లు చల్లబడుతుంది లేదా కాలిపోతుంది, ఎగ ఊపిరి పెడుతుంది. ఆసుపత్రి దూరంగా ఉన్న పల్లెలో ఇది ఎంత వేగంగా చేయి దాటిపోతుందో ఇక్కడి ఆశా దీదీలకు నేను చెప్పనక్కరలేదు. ఆ క్రిములలో కొన్ని బిడ్డ పేగుల నుండే రక్తంలోకి చొరబడుతాయని వైద్యులు చాలాకాలంగా అనుమానిస్తూ వచ్చారు. అట్లయితే, చెడ్డవి రాకముందే పేగులలో మంచి బ్యాక్టీరియాను నింపితే ఏమవుతుంది?

అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో పనిచేస్తూ డాక్టర్ పినాకి పాణిగ్రహి ఈ ప్రశ్న వెంట ఏళ్ల తరబడి నడిచారు. వందలాది బ్యాక్టీరియా రకాలను పరీక్షించి, ఆయన బృందం లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే జాతిలోని ఒక ప్రత్యేకమైన రకాన్ని ఎంచుకున్నది. ఊరగాయలలో, పులిసిన కూరగాయలలో కనిపించే జాతే అది. దానికి తిండిగా ఫ్రక్టో ఆలిగోశాకరైడ్ అనే చక్కెరను కలిపారు. ఆ చక్కెర ఉల్లిపాయలోనూ అరటిపండులోనూ ఉంటుంది. విత్తనంతో పాటు ఎరువు కూడా వేయడం వంటిదన్నమాట.

ఒడిశాలోని 149 గ్రామాలలో 4,556 మంది శిశువులను ఈ పరీక్షలో చేర్చారు. అందరూ కనీసం రెండు కిలోల బరువుతో, కనీసం 35 వారాలు నిండి, ఏ జబ్బు లక్షణమూ లేకుండా పుట్టినవారు, తల్లిపాలు తాగుతున్నవారు. సగం మందికి పుట్టిన తొలి రోజులలో మొదలుపెట్టి వారం రోజులు ఆ మిశ్రమం ఇచ్చారు. తక్కిన సగానికి చూడడానికి అదేవిధంగా ఉండే, బ్యాక్టీరియా లేని పొడి ఇచ్చారు. ఎవరికి ఏది అందిందో తల్లులకూ తెలియదు, ఇచ్చినవారికీ తెలియదు. తరువాత అరవై రోజులు ఆ బిడ్డలను కనిపెట్టి చూశారు.

ఫలితాలు 2017 ఆగస్టులో ‘నేచర్’ పత్రికలో అచ్చయ్యాయి. ఉత్త పొడి అందిన బిడ్డలలో నూటికి 9 మందికి సెప్సిస్ గాని మరణం గాని సంభవించగా, బ్యాక్టీరియా అందినవారిలో అది నూటికి 5.4. అంటే నలభై శాతం తగ్గుదల. ఊపిరితిత్తులకు సంబంధించిన అంటువ్యాధులు కూడా తగ్గాయి. కడుపులో వేసిన బ్యాక్టీరియా రొమ్ము జబ్బును ఎట్లా తగ్గించిందని మీరు అడగవచ్చు. మన రోగనిరోధక కణాలలో పెద్ద భాగం పేగు గోడలోనే ఉంటుంది. అక్కడ నేర్చిన విద్య శరీరమంతటా పనికివస్తుంది. ఫలితం ఇంత స్పష్టంగా కనిపించినందువల్ల, అనుకున్న సంఖ్యలో శిశువులను చేర్చకముందే పరీక్షను ఆపివేశారు. ఆ వారం రోజుల మోతాదుకు అయిన ఖర్చు ఒక డాలరు పాటి మాత్రమే.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఈ పరీక్షలో రెండు వర్గాలలోనూ మరణాలు బహు తక్కువ. బిడ్డలను నిరంతరం చూస్తూ ఉండడం వల్ల జబ్బుపడినవారికి సకాలంలో చికిత్స అందింది. కనుక తగ్గినది ముఖ్యంగా సెప్సిస్ అనే చెప్పాలి గాని, మరణాలు ఆగిపోయాయని చెప్పరాదు.

ఇంకొక మాట. ఈ సభ ముగియగానే ఎవరూ మందుల దుకాణానికి వెళ్లి, ‘ప్రోబయాటిక్’ అని రాసి ఉన్న పొట్లం కొని పసిబిడ్డ నోట్లో వేయకండి. దుకాణంలో దొరికేది ఆ రకం కాకపోవచ్చు. పేరులో పోలిక ఉన్నంత మాత్రాన పనిలో పోలిక ఉండదు. ఇంటిపేరు ఒకటైతే అందరూ ఒకే మనిషి అవుతారా? నెలలు నిండని శిశువులకు ఇటువంటి సజీవ బ్యాక్టీరియా ఇవ్వడంలో ప్రమాదం ఉన్నదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో హెచ్చరించింది. వైద్యుడు చెప్పనిదే పసికందుకు ఏదీ వద్దు.

మరి మనం చేయగలిగినది? విత్తనం, ఎరువు రెండూ కలిసిన వస్తువు ఒకటి ప్రతి తల్లి దగ్గరా ఉన్నది. ముర్రుపాలు. తల్లిపాలలో బిడ్డ అరిగించుకోలేని చక్కెరలు కొన్ని ఉన్నాయి. లాక్టోజు, కొవ్వు తరువాత తల్లిపాలలోని ఘనపదార్థాలలో మూడవ స్థానం వాటిదే. బిడ్డకు పనికిరాని చక్కెర పాలలో ఎందుకున్నది? అది బిడ్డ కొరకు కాదు, బిడ్డ పేగులలోని బైఫిడోబ్యాక్టీరియా కొరకు. తల్లి ఒకే రొమ్ముతో బిడ్డనూ, బిడ్డ కడుపులోని కాపరులనూ పోషిస్తున్నది. ఈ విషయం మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కొంతసేపు ఊరుకున్నాను. మా అమ్మ తరంలో ముర్రుపాలను పసుపుపచ్చగా ఉన్నాయని, ‘పాతపాలు’ అని పిండి పారబోసేవారు. మూడు రోజులు తేనె నాకించి, పంచదార నీళ్లు చుక్కలు చుక్కలుగా పోసేవారు. నేనూ ఆ తేనె నాకి బతికినవాణ్ణే. బతికినవారే ఇప్పుడు ఆ మాట చెప్పగలరు. బతకనివారు వచ్చి చెప్పరు. ఏడాదిలోపు బిడ్డకు తేనె ఇవ్వడం వల్ల బొట్యులిజమ్ అనే పక్షవాతపు జబ్బు రాగలదు. పుట్టిన గంటలోపు రొమ్ము పట్టించడం, ఆరు నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్లైనా ఇవ్వకపోవడం, ఇంతకు మించిన మందు తొలి వారానికి లేదు. శస్త్రచికిత్సతో కాన్పు అయిన తల్లులు బెంగపడనక్కరలేదు. ఆ బిడ్డలలో తొలి బ్యాక్టీరియా కొంత వేరుగా ఉండడం నిజమే, కానీ అవసరమై చేసిన శస్త్రచికిత్స ప్రాణం నిలిపినది. ఆ బిడ్డకు తల్లిపాలు మరింత అవసరం, అంతే.

ఇక నా ఇంటి సంగతి ఒకటి. మా పెద్దమ్మాయికి ఏడాది నిండిన రోజులలో విరేచనాలు పట్టుకున్నాయి. అప్పుడు మేము వేరే పట్టణంలో ఉండేవాళ్లం. వీధి చివర మందుల దుకాణంలో అడిగితే, చీటీ లేకుండానే యాంటీబయాటిక్ సీసా ఒకటి చేతిలో పెట్టాడు. జీవశాస్త్రం ఉపాధ్యాయుణ్ణై ఉండి కూడా నేను ఒక్క ప్రశ్న అడగలేదు. రెండు రోజులలో తగ్గవలసిన విరేచనాలు పన్నెండు రోజులు సాగాయి. నోటి నిండా తెల్లని పూత వచ్చింది. చివరకు చూపించిన వైద్యురాలు ఆ సీసాను బల్ల మీద పెట్టి, “నీళ్లు, ఉప్పు, చక్కెర ఇవ్వవలసిన చోట మీరు తోటమాలిని చంపి వచ్చారు” అన్నారు. ఆమె మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. పిల్లల విరేచనాలలో ఎక్కువభాగం వైరస్ వల్ల వస్తాయి. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయలేదు. పేగులలోని మంచి బ్యాక్టీరియాను మాత్రం ఊడ్చివేస్తుంది. ఆ ఖాళీలో బూజుజాతి క్రిములు పెరుగుతాయి, మందుకు లొంగని బ్యాక్టీరియా తిష్ఠ వేస్తుంది.

యాంటీబయాటిక్‌ను నేను నిందించడం లేదు. దాని చరిత్రలో మన తెలుగువాడి పేరు ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు సోదరులను స్ప్రూ అనే పేగుల వ్యాధికి కోల్పోయారు. తరువాత అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు ఆయన నాయకత్వం వహిస్తుండగా 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. అదే పరిశోధనశాలలో బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అది మొదటిది, 1948లో లోకానికి తెలిసింది. ఆ ఏడాదే సుబ్బారావు గారు కన్నుమూశారు. ఉష్ణదేశాలలో వచ్చే స్ప్రూలో చిన్నపేగులో ఉండకూడనంతగా బ్యాక్టీరియా పెరగడం కనిపిస్తుంది. దానికి నేటికీ ఇచ్చే చికిత్స ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. తన సోదరులను మింగిన జబ్బుకు ఇచ్చే ఫోలిక్ ఆమ్లమూ, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందూ ఆయన నడిపిన పరిశోధనశాల నుండే వచ్చాయి. పెద్దపేగులో మేలు చేసే బ్యాక్టీరియా చిన్నపేగులో హద్దుమీరితే కీడు చేస్తుంది. మందు కూడా అంతే. సెప్సిస్‌కు, రక్త విరేచనాలకు, తీవ్రమైన కలరాకు వైద్యుడు ఇచ్చిన యాంటీబయాటిక్ ప్రాణదానం. చెప్పినన్ని రోజులూ వాడాలి. జలుబుకూ, ప్రతి విరేచనానికీ దుకాణంలో అడిగి తెచ్చుకున్నది వేరే సంగతి. శక్తిమంతమైన యాంటీబయాటిక్‌లను చాలావరకు హెచ్-1 షెడ్యూలు కిందికి తెచ్చిన నిబంధన 2014 నుండి అమలులో ఉన్నది. వాటిని చీటీ లేకుండా అమ్మరాదు. ఎవరు రాశారు, ఎవరికి అమ్మారు అన్నది దుకాణదారుడు పుస్తకంలో రాయాలి. మాత్రల అట్ట మీద నిలువునా ఎర్రగీత ఉంటే గుర్తుంచుకోండి.

విరేచనాలకు మొదటి మందు ఓ.ఆర్.ఎస్. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ వద్ద, డాక్టర్ దిలీప్ మహలనబిస్ సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లను డ్రమ్ములలో నింపి తాగించారు. అక్కడ నూటికి ముప్పై వరకు ఉన్న కలరా మరణాలు నాలుగు లోపుకు దిగాయి. ఆ పొట్లం ఈనాడు ఆశా దీదీ సంచిలో ఉన్నది. దానితో పాటు జింకు మాత్ర పధ్నాలుగు రోజులు ఇవ్వాలి: ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నెలల నుండి ఆరు నెలలలోపు వారికి 10. విరేచనాలు ఆగాయని మధ్యలో మానకూడదు.

ఇప్పుడు తిండి సంగతి. మన పెరటి కుండలో రాత్రి అన్నానికి నీళ్లు పోసి ఉంచితే తెల్లారేసరికి పులుస్తుంది. ఆ నీటిని మనం తరవాణి అంటాము. మన ఒడియా ఇరుగుపొరుగు తొరాణి అంటారు. రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూడండి, ఎల్లలు ఎక్కడున్నాయో కనిపించదు. ఆ పులుపు లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా పని. చద్దన్నం, పఖాళ, చోడి అంబలి, పెరుగు, ఇవన్నీ ఆ వంశానివే. అయితే వీటిని సర్వరోగ నివారిణి అనేవారి మాట నేను ఒప్పుకోను. మురికి నీటితో కలిపిన పఖాళ కలరాను ఆపదు, తెస్తుంది. 2007లోనూ, మళ్లీ 2022 జూలైలోనూ మన రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో కలరా చెలరేగి ప్రాణాలు తీసింది. అక్కడివారు అంబలి తాగక చనిపోలేదు, మంచినీళ్లు లేక చనిపోయారు. గొట్టపుబావి చుట్టూ సిమెంటు గట్టు, మరుగుదొడ్డి, సబ్బు, ఇవి కౌన్సిలూ మనమూ కలిసి చూడవలసినవి.

ఊరు మారినవారికి ఒక ప్రత్యేక విషయం. థాయ్‌లాండ్ నుండి అమెరికాకు వలస వెళ్లిన హ్మాంగ్, కరెన్ జాతుల స్త్రీలను మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారు పరిశీలించి 2018లో ఫలితాలు ప్రకటించారు. వలస వెళ్లిన నెలలలోనే వారి పేగులలోని బ్యాక్టీరియా రకాలు తగ్గడం మొదలైంది. పీచును అరిగించే రకాలు పలచబడ్డాయి. మనం పార్వతీపురం నుండి గుడారికి వస్తే అంత మార్పు ఉండదు. కానీ మన పిల్లలు విశాఖకో హైదరాబాదుకో వెళ్లి, గదిలో మైదా బిస్కెట్లు, నూడుల్సు తిని ఉండడం నాకు తెలుసు. చోళ్లను ఇక్కడ మండియా అంటారు. ఒడిశా ప్రభుత్వం 2017 నుండి చిరుధాన్యాల పథకం నడుపుతున్నది. మన పొరుగున కొండలలో కోందులు, సవరలు ఏనాడూ మానని పంట అది. దానిని పేదతిండి అని చిన్నచూపు చూసినవారిలో పట్నం తెలుగువాళ్లం ముందున్నామని ఒప్పుకోవాలి.

అంగన్‌వాడీ అమ్మలకు ఉపయోగపడే మరొక పరిశోధన ఉన్నది. ఢాకా నగరంలో మీర్‌పూర్ మురికివాడలో బరువు తక్కువైన పిల్లలకు, పేగులలో మంచి బ్యాక్టీరియా పెరిగేందుకు రూపొందించిన ఆహారం మూడు నెలలు పెట్టి చూశారు. అందులో ఉన్నవి శనగపిండి, వేరుశనగ, సోయాపిండి, పచ్చి అరటికాయ. అంతవరకు వాడుతున్న పోషకాహారంలో కేలరీలు ఇంకా ఎక్కువే ఉన్నా, ఈ ఆహారం తిన్నవారే ఎక్కువ బరువు పెరిగారని 2021లో ప్రకటించారు. తిండి ఎంత అన్నదే కాదు, కడుపులో ఎవరికి తిండి అన్నది కూడా లెక్కలోకి వచ్చింది. ఆ నాలుగు సరుకులూ మన సంతలో దొరుకుతాయి. ఆరు నెలలు దాటిన బిడ్డకు అరటికాయ ఉడికించి మెత్తగా మెదిపి పెట్టడం మన ఇళ్లకు కొత్త కాదు.

నాకిచ్చిన సమయం అయిపోయింది. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, జింకు మాత్రలు ద్వారం దగ్గర బల్ల మీద ఉన్నాయి. అయిదేళ్లలోపు పిల్లలున్న ప్రతి ఇంటివారూ తీసుకువెళ్లండి, ఎట్లా కలపాలో ఆశా దీదీ తెలుగులోనూ చెబుతారు. ఫినాయిల్ సంగతి అడిగిన పెద్దాయన మొదటి వరుసలోనే కూర్చున్నారు. ప్రశ్నలు ఆయనతోనే మొదలుపెడదాం.